ఇంగ్లిషు మాస్టారి అగ్రిమెంటు

1904 అక్టోబరులో ఇరవై రెండేళ్ల యువకుడొకడు డబ్లిన్ వదిలి జ్యూరిక్‌లో రైలు దిగాడు. వెంట పెళ్లి కాకుండానే తనతో వచ్చేసిన నోరా. చేతిలో డబ్బు అంతంతమాత్రం. జ్యూరిక్‌లోని బెర్లిట్జ్ పాఠశాలలో ఇంగ్లిషు టీచరు ఉద్యోగం సిద్ధంగా ఉందని ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్ ఏజెన్సీ ఒకటి ఫీజు పుచ్చుకుని మరీ భరోసా ఇచ్చింది. తీరా వెళ్లి అడిగితే, ఇలా ఒకరు వస్తున్నారన్న సంగతే తమకు తెలియదన్నారు. అక్కణ్ణుంచి ట్రీస్ట్ పంపారు. అక్కడా ఖాళీ లేదు. చివరికి ఆస్ట్రియా-హంగరీ నౌకాదళానికి స్థావరమైన పోలా పట్టణంలో, కొత్తగా తెరిచిన శాఖలో కుదురుకున్నాడు. వారానికి 16 గంటల పాఠాలు, రెండు పౌండ్ల జీతం. శిష్యుల్లో నౌకాదళ అధికారులు ఉండేవారు. ఆ యువకుడు జేమ్స్ జాయిస్.

కష్టాలు అంతటితో తీరలేదు. కొన్ని నెలలకే పోలా నుంచి ట్రీస్ట్ శాఖకు మారాడు. 1906 వేసవిలో అక్కడి పాఠశాల డబ్బు ఒకరు కాజేయడంతో, ఇద్దరు ఇంగ్లిషు టీచర్లకు జీతాలిచ్చే స్థోమత లేదని యాజమాన్యం చేతులెత్తేసింది. జాయిస్ రోమ్ వెళ్లి బ్యాంకులో గుమాస్తాగా చేరాడు. ఇవాళ విదేశాల్లో ఇంగ్లిషు చెప్పబోయే వాళ్లకు పెద్దలు చెప్పే మొదటి జాగ్రత్తలు రెండూ ఈ కథలోనే ఉన్నాయి. ఉద్యోగం ఉందని చెప్పాల్సింది ఏజెంటు కాదు, పాఠశాల. పాఠశాల చేతులెత్తేస్తే తన గతేమిటో టీచరుకు ముందే తెలియాలి.

ఇప్పటి కాంట్రాక్టుల్లో పదిహేను ఇరవై షరతులు కనిపిస్తాయి. బస, దారి ఖర్చులు, పని గంటలు, జీతం ఏ కరెన్సీలో, మధ్యలో మానేస్తే ఏమిటి, వాళ్లే మాన్పిస్తే ఏమిటి. అవన్నీ ఒక్క రోజులో ఎవరో లాయరు కూర్చుని రాసినవి కావు. చాలా షరతుల వెనక ఏదో ఒక దేశంలో ఎవరో ఒక మాస్టారు పడ్డ ఇబ్బంది ఉంది. ఆ చరిత్ర తెలిస్తే అగ్రిమెంటు చదివే తీరే మారిపోతుంది.

రాజుగారి ఉత్తరం

తూర్పు ఆసియాలో ఈ వృత్తి మొదలైన తీరు విచిత్రం. 1848లో రానల్డ్ మెక్‌డొనాల్డ్ అనే యువకుడు తిమింగలాల వేట ఓడ నుంచి చిన్న పడవలో దిగి, జపాన్ ఉత్తర తీరంలోని రిషిరి దీవికి చేరాడు. అతని తల్లి అమెరికా ఆదివాసి చినూక్ తెగ స్త్రీ, తండ్రి స్కాట్లండ్ మనిషి. అప్పట్లో పరదేశీయులు జపాన్ గడ్డమీద కాలు పెట్టడమే నేరం. అతణ్ణి పట్టుకుని నాగసాకి పంపి, ఒక గదిలో బంధించారు. అంతదాకా డచ్ భాషతో నెట్టుకొస్తున్న 14 మంది ప్రభుత్వ దుబాసీలు ఆ గదికే వచ్చి అతని దగ్గర ఇంగ్లిషు నేర్చుకున్నారు. 1849లో అమెరికా యుద్ధనౌక వచ్చి తీసుకుపోయేదాకా ఆ చదువు సాగింది. వారిలో ఒకరైన మొరియామా ఎయినొసుకే, తరవాత అమెరికా నౌకాధిపతి పెరీతో జరిగిన చర్చల్లో ప్రధాన దుబాసీ అయ్యాడు. జీతం లేదు, గడువు లేదు, కాగితం లేదు. జపాన్‌లో ఇంగ్లిషు మాతృభాషగా గలవాడు చెప్పిన తొలి బడి అదే.

కాగితం మీద షరతులు రాసి పిలిపించుకున్న ఉదంతం 1862లో సయాంలో కనిపిస్తుంది. ఇప్పటి థాయ్‌లాండ్ అది. రాజు మోంగ్‌కుట్ స్వయంగా ఇంగ్లిషు నేర్చినవాడు. అంతఃపుర స్త్రీలకు, పిల్లలకు చదువు చెప్పడానికి అంతకు ముందు అమెరికన్ మిషనరీల భార్యలు వచ్చేవారు. చదువు చాటున మతబోధ సాగుతోందని వాళ్లను మాన్పించారు. అందుకే సింగపూర్‌లో ఉన్న ఆనా లియనోవెన్స్ అనే వితంతువుకు రాసిన ఉత్తరంలో రాజు సంగతి తేల్చి చెప్పాడు. ఇంగ్లిషు భాష, శాస్త్రం, సాహిత్యం చెప్పాలి. క్రైస్తవంలోకి మార్చే ప్రయత్నం కూడదు. నెలకు 100 డాలర్ల జీతం, రాజప్రాసాదానికి దగ్గరలో నివాసం.

ఆనా మన అహ్మద్‌నగర్‌లో 1831లో పుట్టిన మనిషి. ఆ సంగతి ఆమె జీవితమంతా దాచిపెట్టింది. బ్యాంకాక్ చేరాక తనకిస్తామన్న ఇల్లు సిద్ధంగా లేదని, దానికోసం చాలా కాలం పోరాడాల్సి వచ్చిందని 1870లో అచ్చయిన తన పుస్తకంలో రాసుకుంది. ఆ పుస్తకంలో కల్పన పాలు ఎక్కువేనని చరిత్రకారులు తేల్చారు. ఒక్క విషయంలో మాత్రం పేచీ లేదు. పిల్లల చదువు కోసం వచ్చిన టీచరు చేత రాజు తన విదేశీ ఉత్తరప్రత్యుత్తరాలు కూడా చూపించుకున్నాడు. పాఠాల పనికి గుమాస్తా పని తోడయింది. ఉత్తరంలో ఆ ముక్క లేదు, దానికి వేరే జీతమూ లేదు. ‘అప్పగించిన ఇతర పనులు’ అని ఈనాటి కాంట్రాక్టుల్లో చివర కనిపించే చిన్న వాక్యం ఎంత బరువైనదో ఆనాకు అనుభవమే. 1867లో సెలవు మీద వెళ్లి, మెరుగైన షరతుల మీద తిరిగి రావడానికి బేరం సాగిస్తుండగానే 1868లో రాజు మరణించాడు. కొత్త రాజు చులాలాంగ్‌కోర్న్ ఆమెను మళ్లీ కొలువుకు పిలవలేదు.

ఇల్లు కట్టేలోపే సంస్థానం పోయింది

1868లో జపాన్‌లో మెయిజీ పాలన మొదలైంది. పడమటి విద్యలన్నీ తొందరగా నేర్చుకోవాలన్న పట్టుదలతో ప్రభుత్వం, సంస్థానాలు, ఆ తరవాత జిల్లాలు విదేశీయులను ఎక్కువ జీతాలకు కుదుర్చుకున్నాయి. 1870ల నడిమికి ఒక్క ప్రభుత్వ కొలువులోనే 500 మందికి పైగా ఉన్నారు. ఇంజనీర్లు, డాక్టర్లు, సైనిక నిపుణులతో పాటు టీచర్లూ పెద్ద సంఖ్యలో వచ్చారు. రసాయన శాస్త్రం చెప్పినా, చరిత్ర చెప్పినా బోధన చాలాచోట్ల ఇంగ్లిషులోనే కాబట్టి వారిలో చాలామంది ఎంతోకొంత ఇంగ్లిషు మాస్టార్లే. గడువు, జీతం, బస, రానుపోను ఖర్చులు ఒప్పందంలో ఉండేవి. కొలువులో ఉండగా సొంత వ్యాపారం చేయకూడదన్న షరతు కూడా చాలా ఒప్పందాల్లో పెట్టేవారు.

అమెరికాలో రట్గర్స్ కాలేజీలో చదివిన విలియం ఎలియట్ గ్రిఫిస్ 1871 మార్చిలో ఫుకుయి సంస్థానానికి వచ్చాడు. మూడేళ్ల ఒప్పందం. పడమటి పద్ధతిలో ఇల్లు కట్టించి ఇస్తామని అందులో రాశారు. ఇంటి పని సాగుతుండగానే ఆ వేసవిలో చక్రవర్తి ప్రభుత్వం దేశంలోని సంస్థానాలన్నిటినీ రద్దు చేసి జిల్లాలుగా మార్చేసింది. గ్రిఫిస్‌ను పిలిచిన ప్రభువు ఊరు వదిలి తోక్యో వెళ్లిపోయాడు. మంచి విద్యార్థులూ ఒక్కొక్కరే రాజధాని దారి పట్టారు. కొత్త ఇంట్లో గ్రిఫిస్ ఉన్నది కొద్ది నెలలే. 1872 జనవరిలో మంచు దారిలో తోక్యోకు బయల్దేరాడు. అక్కడ మరో విద్యాలయంలో చేరి, తరవాత జపాన్ మీద పెద్ద గ్రంథం రాశాడు.

ఒప్పందం మీద సంతకం పెట్టిన అవతలి పక్షమే లేకుండా పోతే ఆ బాధ్యత ఎవరిది? గ్రిఫిస్‌కు కేంద్ర ప్రభుత్వం ఉంది కాబట్టి దారి దొరికింది. అందరికీ దొరకదు.

గ్రిఫిస్ సిఫారసు మీదే అతని మిత్రుడు ఎడ్వర్డ్ వారెన్ క్లార్క్‌కు షిజుఒకాలో ఉద్యోగం వచ్చింది. 1871 చివర్లో జపాన్‌లో దిగాక చూసుకుంటే, మూడేళ్ల పాటు క్రైస్తవం ఊసెత్తకూడదన్న షరతు ఒప్పందంలో ఉంది. అప్పటికి ఆ మతంపై దేశంలో నిషేధం అమల్లోనే ఉంది. క్లార్క్ భక్తిపరుడు. సంతకం పెట్టనన్నాడు. సముద్రం దాటి వచ్చాక, చేతిలో మరో ఉద్యోగం లేకుండా అలా నిలబడడం తేలికైన పని కాదు. చివరికి ప్రభుత్వమే తగ్గి ఆ షరతు కొట్టేసింది. క్లార్క్ సంతకం చేసి షిజుఒకా వెళ్లాడు. నిషేధపు పలకలను ఊళ్లలోంచి తీసేసింది 1873లో. అంటే చట్టం మారడానికి ముందే ఒక టీచరు ఒప్పందంలో షరతు మారింది. అచ్చయి వచ్చిన కాగితంలో అక్షరం కూడా మారదని చెప్పే మధ్యవర్తులకు ఈ ఉదంతం మంచి జవాబు.

హెర్న్ జీతం, సోసెకి జీతం

ఈ వృత్తి చరిత్రలో అందరికన్నా పేరున్న మనిషి లాఫ్‌కాడియో హెర్న్. గ్రీసులో పుట్టి, ఐర్లండ్‌లో పెరిగి, అమెరికాలో విలేఖరిగా స్థిరపడ్డాడు. 1890లో హార్పర్స్ పత్రిక తరఫున జపాన్ వచ్చాడు. తన వ్యాసాలకు బొమ్మలు వేసే చిత్రకారుడికి తనకంటే ఎక్కువ ముడుతోందని వచ్చాక తెలిసింది. కోపంతో పత్రికతో తెగతెంపులు చేసుకున్నాడు. పరాయి దేశంలో చేతిలో కాసు లేని స్థితి. తోక్యోలో ఆచార్యుడైన బాసిల్ హాల్ చాంబర్లేన్ చొరవతో షిమానే జిల్లాలోని మత్సుయే పట్టణంలో ఇంగ్లిషు టీచరు ఉద్యోగం కుదిరింది. జీతం నెలకు 100 యెన్‌లు.

ఆ పట్టణాన్ని హెర్న్ ప్రాణంగా ప్రేమించాడు. అక్కడే కొయిజుమి సెత్సును పెళ్లాడాడు. అయినా మరుసటి ఏడాదే కుమామోతో వెళ్లాడు, జీతం 200 యెన్‌లు కాబట్టి. భార్యాపిల్లలకు ఆస్తి, హక్కులు దక్కాలని 1896లో జపాన్ పౌరసత్వం తీసుకుని కొయిజుమి యకుమో అయ్యాడు. పౌరుడైతే స్థానికుల జీతానికి దించుతారేమోనన్న భయం అతనికి ఉండేది. అదే ఏడాది తోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయం విదేశీ ఆచార్యుల స్థాయిలోనే నెలకు 400 యెన్‌లు ఇచ్చి ఇంగ్లిషు సాహిత్యం చెప్పమంది.

ఏడేళ్లు గడిచాయి. 1903 జనవరిలో ఉత్తరం వచ్చింది. మార్చి 31తో గడువు ముగుస్తుంది, ఇక పొడిగించం అని. విద్యార్థులు ఆందోళనకు దిగారు. విశ్వవిద్యాలయం ఒక మెట్టు దిగి, తక్కువ గంటలు, తక్కువ జీతం మీద ఉండమని అడిగింది. హెర్న్ ఒప్పుకోలేదు. 1904 వసంతంలో వసెదా విశ్వవిద్యాలయంలో చేరి, ఆ సెప్టెంబరు 26న గుండె ఆగి మరణించాడు. జపాన్ కథలను లోకానికి చెప్పినవాడు, ఆ దేశ పౌరుడు, ఆ దేశపు అల్లుడు. అవేవీ అతని కాంట్రాక్టును ఒక్క ఏడాది పొడిగించలేకపోయాయి. ఒప్పందంలో గడువు తేదీ ఉంది, పొడిగింపు హామీ లేదు. విశ్వవిద్యాలయం ఆ తేదీనే పట్టుకుంది.

ప్రభుత్వం వైపు లెక్క వేరే ఉంది. విదేశీయులకు పోసే జీతాలు ఖజానాకు భారం. అందుకని సొంత యువకులను విదేశాలకు పంపి చదివించి, తిరిగొచ్చాక వాళ్ల స్థానాల్లో కూర్చోబెట్టడం మెయిజీ విధానం. హెర్న్ స్థానంలోకి వచ్చిన ముగ్గురిలో ఒకరు, లండన్‌లో రెండేళ్లు చదివొచ్చిన నత్సుమె సోసెకి. విశ్వవిద్యాలయంలో అతని జీతం ఏడాదికి 800 యెన్‌లు. హెర్న్ అందుకున్నదానిలో ఆరో వంతు. అది చాలక మరో కళాశాలలోనూ పాఠాలు చెప్పాడు. పైగా ప్రభుత్వ ఖర్చుతో చదివినందుకు కొన్నేళ్లు పాఠాలు చెప్పి తీరాలన్న బాండు మెడమీద ఉంది.

సోసెకి ఆ కొలువు వదిలిన తీరు కూడా చెప్పుకోదగ్గది. 1907లో అసాహి పత్రిక నవలలు రాయమని నెలకు 200 యెన్‌లు ఇస్తానంటే, పొంగిపోయి వెంటనే తలూపలేదు. ఉత్తరాల్లో ఒక్కో ప్రశ్నా అడిగాడు. ఉద్యోగానికి భద్రత ఏమిటి, బోనసు ఎంత, ఏడాదికి ఎంత రాయాలి, పుస్తకంగా అచ్చువేసుకునే హక్కు ఎవరిది. జవాబులన్నీ వచ్చాకే విశ్వవిద్యాలయం కొలువుకు నమస్కారం పెట్టాడు. జపాన్ ఆధునిక సాహిత్యంలో అంత పెద్ద రచయితే అలా బేరమాడాడు. ప్రశ్నలు అడిగితే ఉద్యోగం పోతుందని భయపడే యువ టీచర్లు ఆ ఉత్తరాలను గుర్తుంచుకోవాలి.

29 గంటల 30 నిమిషాలు

రెండో ప్రపంచ యుద్ధం తరవాత ఇంగ్లిషుకు గిరాకీ వెనకటికన్నా పెరిగింది. 1987లో జపాన్ ప్రభుత్వం బడులకు విదేశీ టీచర్లను రప్పించే జెట్ కార్యక్రమం మొదలుపెట్టింది. తొలి ఏడాది అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ నుంచి 848 మంది వచ్చారు. ఎంపిక చేసేది కేంద్రం, కాంట్రాక్టు మాత్రం ఏ ఊరి పాలక సంస్థతో పడితే దానితో. కాబట్టి జీతం ఒకటైనా ఇంటి అద్దె, సెలవులు, బడుల సంఖ్య ఊరికో తీరు. ‘ఒక్కొక్కరి పరిస్థితి ఒక్కో రకం’ అన్న మాట జెట్ టీచర్ల నోట ఊతపదం అయింది.

ఇంకోవైపు ప్రైవేటు సంభాషణ పాఠశాలలు ఊరూరా లేచాయి. వాటి కాంట్రాక్టుల్లో తరచుగా ఒక అంకె కనిపించేది. వారానికి 29 గంటల 30 నిమిషాలు. ముప్పై ఎందుకు కాదు? పూర్తికాలం పని 40 గంటలైతే, అందులో ముప్పావు వంతు 30. ఆ గీత దాటిన ఉద్యోగిని ఆరోగ్య బీమాలో, పెన్షన్‌లో చేర్చి, చందాలో సగం యజమాని కట్టాలి. అరగంట తగ్గిస్తే ఆ ఖర్చు తప్పుతుందన్నది యాజమాన్యాల లెక్క. పాఠానికీ పాఠానికీ మధ్య పది నిమిషాలు, రిపోర్టులు రాసే సమయం, కొత్త విద్యార్థిని చేర్పించేందుకు మాట్లాడే సమయం లెక్కలోకి రావు. బడిలో ఉండేది నిండు రోజు, కాగితం మీద మాత్రం 29.5. 2016 అక్టోబరు నుంచి 500 మందికి పైగా ఉద్యోగులున్న సంస్థల్లో వారానికి 20 గంటలు పనిచేసేవాళ్లను కూడా కొన్ని షరతులతో చేర్చాలని నిబంధన మారింది. ఆ అంకెకు అప్పుడు విలువ తగ్గింది.

అతిపెద్ద పాఠశాలల గొలుసు నోవా కథ ఇంకా పెద్ద గుణపాఠం. 1981లో ఒసాకాలో మొదలై, తొమ్మిది వందల దాకా శాఖలకు పెరిగింది. విద్యార్థుల దగ్గర వందల పాఠాల డబ్బు ముందే కట్టించుకునేది. మధ్యలో మానేసినవాళ్లకు డబ్బు తిరిగిచ్చే లెక్కలో అన్యాయం ఉందని 2007 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. జూన్‌లో ప్రభుత్వం ఏడాదికి మించిన కొత్త కాంట్రాక్టులను ఆరు నెలలు ఆపేసింది. ముందుగా వచ్చే డబ్బు మీదే నడిచే సంస్థ ఆ దెబ్బకు నిలవలేకపోయింది. శరదృతువులో టీచర్ల జీతాలు ఆగిపోయాయి. అక్టోబరు 26న నోవా కోర్టు రక్షణ కోరింది.

అప్పటికి అందులో దాదాపు 4,000 మంది విదేశీ టీచర్లు. చాలామంది ఉంటున్నది సంస్థ కుదిర్చిన అపార్టుమెంట్లలో. అద్దె ప్రతినెలా జీతంలో పట్టుకున్నారు. ఆ డబ్బు ఇంటి యజమానులకు చేరలేదు. జీతం రాని టీచరు చేతికి ఇల్లు ఖాళీ చేయమనే నోటీసు వచ్చింది. ఉద్యోగ సంఘం వాళ్లు పాఠానికి బదులుగా భోజనం పెట్టే ఏర్పాటు చేశారు. ఆస్ట్రేలియన్లు ఇల్లు చేరడానికి విమాన సంస్థ ఒకటి చౌక టికెట్లు ఇచ్చింది. ఉద్యోగుల సంక్షేమ నిధిని దారి మళ్లించిన నేరానికి సంస్థ వ్యవస్థాపకుడికి తరవాత శిక్ష పడింది. ఇల్లు, ఉద్యోగం, వీసా మూడూ ఒకే యజమాని గుప్పిట్లో ఉంటే ఒకటి పోయినప్పుడు మిగిలిన రెండూ కదిలిపోతాయని ఆ శరత్తు చూపింది.

పదకొండో నెల

దక్షిణ కొరియాలో ప్రభుత్వ బడులకు విదేశీ టీచర్లను తెచ్చే కార్యక్రమం 1995లో మొదలైంది. ప్రైవేటు ట్యూషన్ కేంద్రాలను అక్కడ హాగ్వన్‌లు అంటారు. మన కోచింగ్ సెంటర్ల లాంటివి. విమానం టికెట్టు, అద్దె లేని గది, ఏడాది చివర ఒక నెల జీతం అదనం అంటూ కాంట్రాక్టులు ఆకర్షణగా ఉండేవి.

1997 చివర్లో ఆసియా ఆర్థిక సంక్షోభం వచ్చింది. ఏడాది నడుమ డాలరుకు 900 వోన్‌ల లోపే ఉన్న మారకం, డిసెంబరులో 2,000 దగ్గరికి పోయింది. వోన్‌లలో జీతం అందుకుంటూ, డాలర్లలో చదువు అప్పు తీర్చే అమెరికన్ టీచరుకు కాంట్రాక్టులోని అంకె మారలేదు గానీ ఇంటికి పంపే సొమ్ము సగమైపోయింది. జీతం ఏ కరెన్సీలో అన్న ప్రశ్నకు ఇంతకన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

ఏడాది చివరి అదనపు నెల జీతం యాజమాన్యం దయ కాదు, కొరియా చట్టం. ఏడాది సర్వీసు నిండిన ఉద్యోగికి కనీసం 30 రోజుల జీతం ఇవ్వాలి. ఏడాది నిండకపోతే అక్కర్లేదు. అందుకే కొన్ని హాగ్వన్‌లు పదకొండో నెలలో ఏదో వంక పెట్టి టీచరును తీసేసేవి. ఇంకొన్ని టీచరును ఉద్యోగిగా కాక స్వతంత్ర గుత్తదారుగా చూపి, 3.3 శాతం పన్ను మాత్రం పట్టుకునేవి. చూడడానికి పన్ను తక్కువని సంతోషం. కానీ ఆ ఒక్క అంకెతో పెన్షన్, బీమా, చివరి నెల జీతం అన్నీ చేజారతాయి. వీసా కూడా ఆ యజమాని పేరు మీదే. గడువు లోపల వేరే చోట చేరాలంటే అతని అనుమతి పత్రం కావాలి.

2007లో ఒక విదేశీ టీచరు నేరం బయటపడి అలజడి రేగడంతో, విదేశీ టీచర్లకు మాదకద్రవ్యాలు, హెచ్‌ఐవీ పరీక్షలు తప్పనిసరి చేశారు. కొరియన్ టీచర్లకు ఆ నిబంధన లేదు. 2009లో న్యూజిలాండ్‌కు చెందిన ఒక టీచరు కాంట్రాక్టు పొడిగింపు వేళ హెచ్‌ఐవీ పరీక్ష మళ్లీ చేయించుకోనని చెప్పి ఉద్యోగం పోగొట్టుకుంది. ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన సంఘం దాకా వెళ్లింది. ఆ పరీక్ష వివక్షేనని 2015లో సంఘం తేల్చింది. 2017లో కొరియా హెచ్‌ఐవీ పరీక్ష నిబంధన ఎత్తేసింది.

మనవాళ్ల సంగతి

భారతీయులు ఈ చరిత్రకు కొత్తవాళ్లు కారు. చక్రవర్తి హైలే సెలాసీ పాలనలో ఇథియోపియా బడుల్లో భారతీయ టీచర్లు పెద్ద సంఖ్యలో పనిచేశారు. హైదరాబాద్‌కు ఇందులో ప్రత్యేక స్థానం ఉంది. 1958లో ఇక్కడ మొదలైన ఇంగ్లిషు సంస్థే ఇప్పటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం. కంబోడియా, లావోస్, మయన్మార్, వియత్నాంలలో భారత ప్రభుత్వం పెట్టిన ఇంగ్లిషు శిక్షణ కేంద్రాలకు అండగా నిలిచింది ఆ సంస్థే.

ఇప్పుడు వెళ్లాలనుకునే తెలుగు టీచరు మొదట చూడాల్సింది తన పాస్‌పోర్టుకు ఆ దేశపు వీసా చట్టంలో చోటుందా అని. కొరియాలో భాషా బోధన వీసా ప్రధానంగా ఏడు ఇంగ్లిషు దేశాల వాళ్లకే. 2010 జనవరి నుంచి అమల్లో ఉన్న భారత్-కొరియా ఆర్థిక ఒప్పందం కింద డిగ్రీ, టీచర్ అర్హత ఉన్న భారతీయులకు సహాయక ఇంగ్లిషు టీచర్లుగా దారి తెరుచుకుంది. ట్యూషన్ కేంద్రంలో ఉద్యోగం, వీసా మేం చూసుకుంటాం అని ఏజెంటు చెబితే, ఏ వీసా అని అడిగి తీరాలి. జపాన్ బడుల్లో భాష చెప్పే వీసాకు ఆ భాషా మాధ్యమంలో 12 ఏళ్లు చదివి ఉండాలన్న నిబంధన ఉంది. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివి, తరవాత ఇంగ్లిషు ఎం.ఏ. చేసినవాళ్లు అడ్వాన్సు కట్టే ముందే ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇక్కడే చదువుకున్నవాళ్లు గమనించని విషయం ఒకటుంది. కరీంనగర్ నుంచో కడప నుంచో గల్ఫ్‌కు వెళ్లే తాపీమేస్త్రీ పదో తరగతి పాస్ కాకపోతే, 1983 నాటి వలసల చట్టం ప్రకారం అతని ఉద్యోగ ఒప్పందాన్ని వలసదారుల రక్షణ అధికారి చూసి అనుమతి ఇవ్వాలి. పది పాసైతే ఆ అనుమతి అవసరం లేదు. డిగ్రీ, బీఎడ్ ఉన్న టీచరు కాంట్రాక్టును ప్రభుత్వం తరఫున ఎవరూ చదవరు. చదువుకున్నవాడు తన కాగితం తానే చదువుకుంటాడన్న నమ్మకం మీద చట్టం ఆ బాధ్యతను అతనికే వదిలేసింది.

కాబట్టి తానే చదవాలి, నిదానంగా. యజమాని ఎవరు, బడా, బడికి మనుషులను సరఫరా చేసే కంపెనీయా? జపాన్‌లో ఇలాంటి కంపెనీల ద్వారా వెళ్లిన టీచరుకు బడి హెడ్మాస్టరు కాదు, కంపెనీయే యజమాని. పని గంటల్లో పాఠాలు కాని పని కలిసిందా? అద్దె ఎవరు కడతారు, రసీదు ఎవరి పేరు మీద? వాళ్లు తీసేస్తే ఎన్నాళ్ల నోటీసు, మనం మానేస్తే ఎంత జరిమానా? తిరుగు టికెట్టు ఎవరిది? స్థానిక భాషలో ఒకటి, ఇంగ్లిషులో ఒకటి ఉంటే తగాదా వచ్చినప్పుడు ఏది చెల్లుతుంది? నోటిమాటగా ఇచ్చిన హామీలు కాగితం మీదికి వచ్చాయా?

లైసెన్సు ఉన్న ఏజెంట్ల జాబితా కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. వాళ్లు తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే ఫిర్యాదు చేయవచ్చు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి, వాటిని అడగడానికి మొహమాటం వద్దు. పాస్‌పోర్టు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతిలోనూ పెట్టి ఉంచవద్దు. సంతకం అయ్యాక రెండు పక్షాలూ సంతకం చేసిన కాపీ ఒకటి మీ దగ్గర, ఒకటి ఇంట్లో పెద్దల దగ్గర ఉంచి, ఆ తరవాతే విమానం టికెట్టు కొనండి.